బరువైన ప్రొజెక్టరును పైకప్పుకు బిగించేటప్పుడు పాటించాల్సిన పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలోనే కాక మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి వంటి పట్టణాల్లో కూడా ఇప్పుడు కళాశాలల సమావేశ మందిరాల్లో, ఫంక్షన్ హాళ్లలో, కోచింగ్ కేంద్రాల్లో పెద్ద లేజర్ ప్రొజెక్టర్లు పెట్టిస్తున్నారు. ఇంట్లో వాడుకునే ప్రొజెక్టరు సాధారణంగా మూడు నాలుగు కిలోలకు మించదు కాబట్టి ఎలక్ట్రీషియన్ ఒక్కడే నిచ్చెన ఎక్కి బిగించి దిగగలడు. హాలుకు తెచ్చే యంత్రం 15 నుంచి 25 కిలోల దాకా తూగుతుంది. దాన్ని కూడా అదే పద్ధతిలో బిగించబోయినప్పుడే ప్రమాదం మొదలవుతుంది. అంత బరువు పన్నెండడుగుల ఎత్తు నుంచి జారితే యంత్రం పగలడం చిన్న నష్టం, కింద కూర్చున్నవారి ప్రాణమే పోవచ్చు. అందుకే ఈ పనిలో నేను ఒక నియమానికి కట్టుబడి ఉంటాను: నేల మీద చేయగలిగిన ఏ పనినీ పైకి ఎక్కాక చేయడానికి మిగల్చకూడదు. కింది వివరణ అంతటికీ 12 అడుగుల ఎత్తున్న హాలును, 22 కిలోల ప్రొజెక్టరును ఉదాహరణగా తీసుకుంటున్నాను.

మొదట బరువు లెక్క తేల్చుకోవాలి. ప్రొజెక్టరు బరువు దాని వివరాల పుస్తకంలో ఉంటుంది, కానీ అందులో లెన్సు బరువు కలిసిందో లేదో చూడాలి. పెద్ద యంత్రాలకు లెన్సు విడిగా వస్తుంది. దానికి స్టాండు, పైపు, పైన బిగించే ఇనుప ప్లేటు బరువు కలపాలి. మన ఉదాహరణలో ఇవి 10 కిలోలు అనుకుంటే మొత్తం 32 కిలోలు అవుతుంది. తలపై వేలాడే బరువులకు ఐదు రెట్లు లెక్కగట్టడం ఈ పని తెలిసినవారు పాటించే పద్ధతి, అంటే మన బిగింపు 160 కిలోలు మోయగలిగి ఉండాలి. ఇది అతి జాగ్రత్త కాదు. బొమ్మ సరిచేసేటప్పుడు మనిషి చేతితో నెట్టే బలం, ఫ్యాన్ల వల్ల వచ్చే సన్నటి అదురు, రంధ్రం వేయడంలో దొర్లే చిన్న లోపం, కాలంతోపాటు సడలే నట్టు, ఇవన్నీ ఆ ఐదు రెట్లలోనే సర్దుకోవాలి.

కప్పు ఏ రకమో తెలుసుకోవడం

మన ప్రాంతంలో ఒకే వీధిలో నాలుగు రకాల కప్పులు కనిపిస్తాయి, ఒకదానికి పనికొచ్చిన పద్ధతి మరొకదానికి పనికిరాదు. సిమెంటు స్లాబు వీటన్నింటిలోకి నమ్మదగినది. సాధారణ భవనాల్లో అది నాలుగైదు అంగుళాల మందం ఉంటుంది, సలాకల జాలీ దాని కింది ముఖానికి దగ్గరగా, దాదాపు ఒక అంగుళం లోపలే ఉంటుంది, వాటి పక్కనే కరెంటు తీగల కోసం వేసిన పైపులు ఫ్యాను పెట్టెల నుంచి గోడల వైపు సాగుతుంటాయి. స్లాబు మీద తేమ మచ్చలు, తుప్పు చారలు, పెచ్చులూడి బయటపడిన సలాకలు ఉన్నాయేమో చూడాలి. అనుకున్న చోటును చిన్న సుత్తెతో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే గిలాబు స్లాబును వదిలేసిందని అర్థం. అలాంటి చోట మరమ్మతు చేయించే వరకు ఏదీ బిగించకూడదు.

పాత ఇళ్లలోనూ పాత బడుల్లోనూ ఇనుప గర్డర్ల మీద బండలు పరిచిన కప్పు ఉంటుంది. బండకు డ్రిల్లు పెట్టడాన్ని నేను ఎప్పుడూ ఒప్పుకోను. రాయి నొక్కుడును ఎంతైనా భరిస్తుంది కానీ లాగుడును భరించలేదు. రెండు గర్డర్ల నడుమ ఉన్న బండ కింది ముఖం ఎప్పుడూ లాగుడులోనే ఉంటుంది, అక్కడ రంధ్రం పడితే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. ఇలాంటి చోట ఒక గర్డరు నుంచి మరో గర్డరుకు ఇనుప చానెల్ పెట్టి, గర్డరు అంచులను పట్టుకునే క్లాంపులతో బిగించి, ప్రొజెక్టరును ఆ చానెల్‌కు వేలాడదీయాలి. దూలాలు, దంతెల మీద నిలిచిన మట్టి మిద్దె అయితే కప్పు జోలికే పోకుండా, గోడ నుంచి గోడకు ఇనుప పైపు దూలం వేయించుకోవడమో, నేల మీద నిలబడే స్టాండు వాడడమో మంచిది. దంతె పైకి గట్టిగా కనిపించినా లోపల చెదలు ఎంత తిన్నదో బయటి నుంచి తెలియదు.

రేకుల షెడ్డులో బరువు ట్రస్సు (రేకులను మోసే పైపుల చట్రం) మీదే పడాలి, అదీ ట్రస్సులోని పైపులు కలిసే ముడి దగ్గరే పడాలి. రెండు ముడుల మధ్య వేలాడదీస్తే పైపు వంగే అవకాశం ఉంటుంది. ట్రస్సు పైపుకు రంధ్రం వేయకుండా, వెల్డింగ్ చేయకుండా, దాన్ని చుట్టి పట్టే యూ-బోల్టులు వాడాలి. సిమెంటు రేకులకు అసలు డ్రిల్లు తాకించకూడదు, ఎందుకంటే పాత రేకుల్లోని ఆస్బెస్టాస్ పొడి ఊపిరితిత్తులకు తీవ్రమైన హాని చేస్తుంది. ఇక ఫాల్స్ సీలింగ్ ఉన్న హాలులో జిప్సం పలకలు గానీ వాటిని పట్టిన పలచని చట్రం గానీ తమ బరువు మాత్రమే మోస్తాయి. పలకకు గుండ్రని రంధ్రం కోసి, పైపును అందులోంచి పంపి, అసలు స్లాబుకే బిగించాలి.

చోటు గుర్తించడం

లెన్సుకు ఒక నిష్పత్తి ఉంటుంది. తెర వెడల్పును దానితో గుణిస్తే తెరకు, లెన్సుకు మధ్య ఉండాల్సిన దూరం వస్తుంది. తెర 10 అడుగుల వెడల్పు ఉండి, లెన్సు నిష్పత్తి 1.4 నుంచి 2.2 వరకు మారగలిగితే, ప్రొజెక్టరును 14 అడుగుల నుంచి 22 అడుగుల వరకు ఎక్కడైనా పెట్టవచ్చు. ఈ రెండు హద్దుల్లో ఏ ఒక్కదానికీ ఆనించకుండా నడుమ చోటు ఎంచుకోవాలని నా సలహా, ఎందుకంటే డ్రిల్లుకు సలాక అడ్డం వచ్చి అరడుగు జరగాల్సి వచ్చినా బొమ్మ చెడదు. తెర నడిమి గీత నుంచి సుద్ద దారం లాగి, తూకం గుండుతో ఆ గీతను స్లాబు మీదికి తీసుకుపోవాలి. ఫ్యాను రెక్కలు వెలుగు దారిలోకి రాకుండా చూసుకోవాలి. ఆ తర్వాత ప్రొజెక్టరును అదే దూరంలో బల్ల మీద పెట్టి వెలిగించి, తెర నిండుతోందో లేదో నేల మీదే తేల్చుకోవాలి. పైన బిగించాక బొమ్మ చాలలేదని తెలిస్తే పాత రంధ్రాల పక్కన కొత్త రంధ్రాలు వేయాల్సి వస్తుంది, అది స్లాబుకు మంచిది కాదు.

ప్లేటు, బోల్టులు, రంధ్రాలు

స్టాండుతోపాటు వచ్చే ప్లేటు చాలాసార్లు అరచేయంతే ఉంటుంది. దాని నాలుగు రంధ్రాల్లో నాలుగు యాంకర్ బోల్టులు (నట్టు బిగిస్తే తొడుగు విచ్చుకుని కాంక్రీటును పట్టుకునే బోల్టులు) వేస్తే అవి ఒకదానికొకటి మరీ దగ్గరగా పడి, అన్నీ కలిసి ఒకే కాంక్రీటు ముద్దను పట్టుకుంటాయి. నాలుగు బోల్టులున్నా నాలుగింతల బలం రాదు. అందుకని ఫ్యాబ్రికేషన్ షాపులో అడుగు పొడవు, అడుగు వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం గల ఇనుప ప్లేటు చేయించి, మూలల్లో స్లాబు బోల్టులకు, నడుమ స్టాండు బోల్టులకు రంధ్రాలు వేయించి, తుప్పు పట్టకుండా రంగు పూయించాలి. మన 32 కిలోల బరువుకు ఆ మూలల్లో 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు నాలుగు సరిపోతాయి. పేరున్న కంపెనీ బోల్టులే కొనాలి, ఎందుకంటే వాటి పెట్టె మీదో కంపెనీ వివరాల పత్రంలోనో రంధ్రం వ్యాసం, లోతు, మోయగల బరువు రాసి ఉంటాయి. ఆ లెక్క తెలియని బోల్టును నమ్మి తలపై బరువు వేలాడదీయలేం. గోడకు ఫొటోలు తగిలించడానికి వాడే ప్లాస్టిక్ ప్లగ్గులు ఎంత పెద్దవైనా ఈ పనికి వాడకూడదు. గోడలో ఆ ప్లగ్గు అడ్డంగా మోస్తుంది. కప్పులో స్క్రూను నిలువునా కిందికి లాగుతున్న బరువును ఆపగలిగేది ప్లాస్టిక్ రాపిడి ఒక్కటే.

గిలాబు విషయంలో నాకు ఎదురైన అనుభవం చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక సమావేశ మందిరంలో బోల్టులు లోతుగా దిగాయని, నట్లు గట్టిగా బిగిశాయని తృప్తిపడి వచ్చాను. పది రోజుల తర్వాత చూస్తే ప్లేటుకు, కప్పుకు మధ్య వేలు సగం దూరేంత సందు కనిపించింది. స్లాబు వంకర సరిచేయడానికి మేస్త్రీ ఆ చోట అంగుళంన్నర మందం గిలాబు వేశాడు. నా బోల్టులలో సగం పొడవు ఆ గిలాబులోనే ఉండిపోయింది. అదృష్టవశాత్తు అప్పటికి, ప్లేటు ఊడినా యంత్రం కింద పడకుండా విడిగా కట్టే రక్షణ తీగ ఉంది. అప్పటి నుంచి ప్లేటు కూర్చునే మేర గిలాబును ఉలితో తీసేసి, స్లాబు ముఖం కనిపించాకే కొలత మొదలుపెడుతున్నాను. బోల్టు లోతును ఎప్పుడూ కాంక్రీటు ముఖం నుంచే కొలవాలి.

రంధ్రం వేసే ముందు ఆ హాలుకు కరెంటు ఇచ్చే ఎంసీబీ (బోర్డులోని రక్షణ స్విచ్చు) ఆపి, టెస్టరుతో పరీక్షించి, ఎవరూ తిరిగి వేయకుండా బోర్డు దగ్గర మనిషిని ఉంచాలి. డ్రిల్లుకు కరెంటు పక్క గది నుంచి తెచ్చుకోవాలి. ఫ్యాను పెట్టెకూ స్విచ్చుబోర్డు ఉన్న గోడకూ మధ్య ఊహా గీత గీసి, ఆ దారిలో రంధ్రం వేయకుండా ఉంటే లోపలి పైపును చీల్చే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. సలాకలను కనిపెట్టే పరికరం అద్దెకు దొరికితే ఇంకా మంచిది. డ్రిల్లు బిట్టుకు కావలసిన లోతు దగ్గర టేపు చుట్టి, ఒక కాగితపు టీ గ్లాసు అడుగుకు రంధ్రం చేసి బిట్టుకు తొడిగితే పొడి కళ్లలో పడదు. అయినా కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. బిట్టు సలాకకు తగిలితే శబ్దం మారుతుంది, కిందికి దిగడం ఆగిపోతుంది. అప్పుడు బలవంతంగా కోయకూడదు; సలాకను కోయడం అంటే స్లాబు బలాన్ని కోయడమే. ఆ రంధ్రాన్ని ఆరాక కుంచించుకుపోని గ్రౌటుతో (సిమెంటు ముద్దతో) నింపి, దాని లోతుకు కనీసం రెండింతల దూరం జరిపి కొత్త రంధ్రం వేయాలి.

రంధ్రం తయారయ్యాక లోపలి పొడిని బ్రష్షుతో, చేతి పంపుతో రెండు మూడుసార్లు బయటికి ఊదేయాలి. పొడి మిగిలితే బోల్టు తొడుగు కాంక్రీటును పట్టుకోకుండా పొడి మీద జారుతుంది. నట్టు బిగించేటప్పుడు కూడా అతి పనికిరాదు. కంపెనీ చెప్పిన బిగువుకు టార్క్ పానా (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) వాడాలి. బిగిస్తున్న కొద్దీ బోల్టు బయటికి వస్తూనే ఉంటే అది పట్టలేదని తెలుసుకుని దాన్ని వదిలేయాలి.

ప్రొజెక్టరుకు ముందు బియ్యం బస్తాలు

ప్లేటు, పైపు బిగించాక ప్రొజెక్టరును వెంటనే ఎక్కించకూడదు. 25 కిలోల బియ్యం బస్తాలు రెండు గట్టి సంచిలో కట్టి పైపు కొనకు వేలాడదీసి, హాలుకు తాళం వేసి ఒక రాత్రి వదిలేయాలి. వాటికి కింద అడుగు ఖాళీ కూడా లేకుండా పరుపు గానీ ఇసుక బస్తాలు గానీ పరిస్తే, ఒకవేళ జారినా నష్టం ఉండదు. మరునాడు ప్లేటు చుట్టూ ముందుగా గీసుకున్న పెన్సిలు గీత కదలకుండా ఉందో, నట్లు అదే బిగువులో ఉన్నాయో, స్లాబు మీద వెంట్రుకవాసి పగులైనా వచ్చిందో చూడాలి. ఈ పరీక్షకు ఒక రోజు పోతుందని విసుక్కునేవారుంటారు. ఆ ఒక్క రోజును నేను ఎవరి మాటకూ వదులుకోను.

పైకి ఎత్తడం

అందరూ తొందరపడేది ఇక్కడే. ప్రొజెక్టరు అడుగున ఉండే రంధ్రాలకు స్టాండు కాళ్లను నేల మీదే బిగించాలి. ఆ స్క్రూల మందం, పొడవు రెండూ యంత్రం పుస్తకంలో చెప్పినట్టే ఉండాలి. పొట్టిగా ఉంటే రెండు మూడు చుట్లకే పట్టి ఊడిపోతాయి, పొడవుగా ఉంటే లోపలి బోర్డుకు గుచ్చుకుంటాయి. లెన్సు విడదీయగలిగేదైతే తీసి పెట్టెలో ఉంచి, ఆ నోటికి మూత పెట్టాలి. స్టాండు రెండు ముక్కలుగా విడిపోయి, పై ముక్క పైపుకు, కింది ముక్క యంత్రానికి ఉండి, పైన ఒకే కొక్కెంతో కలిసే రకం కొనడం చాలా మేలు. అలాంటిదైతే పైన ప్రొజెక్టరును చేతులతో పట్టుకునే సమయం కొన్ని క్షణాలకు తగ్గుతుంది.

22 కిలోలను నిచ్చెన మీద నిలబడి ఒకడు తలపైకి ఎత్తడం ఎంతటి బలవంతుడైనా చేయకూడని పని. నిచ్చెన మీద రెండు చేతులూ బరువుకే పోతే మనిషిని పట్టుకునేది ఏదీ ఉండదు. ఇనుప పరంజా అద్దెకు తెచ్చుకోవాలి, దాని ఎత్తు అడుగు వెడల్పుకు మూడింతలు మించకూడదు, చక్రాలకు బ్రేకులు వేయాలి, పలకలు సందు లేకుండా నిండుగా పరచాలి, నడుము ఎత్తుకు చుట్టూ అడ్డపైపులు ఉండాలి. మనిషి పైన ఉండగా పరంజాను నెట్టడం అసలు కూడదు.

ఫ్యాను కొక్కేనికి చాంతాడు వేసి లాగుదామని ఎవరో ఒకరు సూచిస్తూనే ఉంటారు. ఆ కొక్కెం నాలుగైదు కిలోల ఫ్యాను కోసం పెట్టింది. ఎన్నేళ్ల తుప్పు, ఎన్నేళ్ల అదురు దాని మీద పడ్డాయో తెలియదు. తాడు పట్టుకున్నవాడి చేయి జారినా బరువును ఆపేది ఏమీ ఉండదు. చైన్ పుల్లీ అయితే చేయి వదిలినా బరువు ఉన్నచోటే నిలుస్తుంది, కాబట్టి పుల్లీయే కావాలనుకుంటే దానికి విడిగా పరీక్షించిన యాంకరు వేయాలి. హాలు ఎత్తు 12 అడుగులే అయినప్పుడు నేను పుల్లీ కూడా వాడను. చేతితో తిప్పి పైకి లేపే మెటీరియల్ లిఫ్టు దొరికితే దాని పళ్లెం మీద యంత్రాన్ని బెల్టుతో కట్టి కొక్కెం దాకా లేపవచ్చు. అది దొరకని చోట పరంజానే మెట్లుగా వాడాలి: మొదట నేల నుంచి సగం ఎత్తు పలక మీదికి ఇద్దరు మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి, యంత్రాన్ని ఒంటికి దగ్గరగా పట్టి ఎత్తాలి, అక్కడి నుంచి పైనున్న ఇద్దరు అందుకుని పై పలక మీద పెట్టాలి. పై పలక మీద ముందే ఒక గట్టి బల్లను కట్టి ఉంచి, దాని మీద చెక్క దిమ్మెలు పేర్చుకుంటూ యంత్రాన్ని కొక్కేనికి రెండంగుళాల దూరం దాకా తీసుకుపోవాలి. ఆ బల్ల యంత్రానికే, దాని మీద మనిషి ఎక్కకూడదు. చివరికి ఎత్తాల్సింది రెండంగుళాలే అవుతుంది కాబట్టి ఇద్దరు సులభంగా లేపుతారు, మూడోవాడు కొక్కెం తగిలించి పిన్ను దూర్చి నట్టు వేస్తాడు.

ఈ సమయమంతా మాట్లాడేవాడు ఒక్కడే ఉండాలి. అతడు నేల మీద నిలబడి "లేపు", "ఆగు" అంటేనే పైవాళ్లు కదలాలి. పరంజా చుట్టూ పదడుగుల మేర తాడు కట్టి ఎవరినీ రానీయకూడదు. చూడ్డానికి పిల్లలు చేరే బడుల్లో ఇది మరీ ముఖ్యం. పానాలు, స్క్రూడ్రైవర్లు నడుముకు దారంతో కట్టుకోవాలి, కిందనున్నవారు హెల్మెట్ పెట్టుకోవాలి.

రక్షణ తీగను కొక్కెం తగిలించిన మరుక్షణమే, దిమ్మెలు తీయకముందే కట్టాలి. 4 మిల్లీమీటర్ల స్టీలు తీగను ప్రొజెక్టరు చట్రం నుంచి, ప్లేటుకు సంబంధం లేకుండా స్లాబుకు విడిగా వేసిన ఐబోల్టుకు (తల ఉంగరంలా ఉండే బోల్టుకు) తీసుకుపోవాలి. అది ప్లేటుకే కట్టి ఉంటే ప్లేటు ఊడిన రోజున రెండూ కలిసే వస్తాయి. తీగ వదులుగా వేలాడకూడదు, ఎందుకంటే బరువు అరడుగు పడి ఒక్కసారిగా లాగితే ఆ కుదుపు దాని బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. తీగ కొన మడిచి యూ-క్లిప్పులు వేసేటప్పుడు పీఠం (నట్ల కింద ఉండే దిమ్మ) భాగం బరువు మోసే పొడవాటి తీగ వైపు, వంపు భాగం పొట్టి కొన వైపు ఉండాలి. తిరగేసి వేస్తే మోసే తీగే నలిగి బలం తగ్గుతుంది.

కరెంటు, వేడి, దుమ్ము

ప్రొజెక్టరుకు ఎర్తు ఉన్న సాకెట్టును స్లాబు దగ్గరే పెట్టించి, తీగలు బరువు మోయకుండా పైపుకు బంధాలు వేయాలి. దీపం రకం ప్రొజెక్టరు అయితే ఆపిన తర్వాత కూడా లోపలి ఫ్యాను కాసేపు తిరగాలి కాబట్టి, కరెంటు పోయే చోట యూపీఎస్ అవసరం. పది మీటర్లు దాటే హెచ్‌డీఎంఐ తీగకు ఆప్టికల్ రకం వాడితే, దానికి ఒక కొన ప్లేయరు వైపుకే, మరో కొన ప్రొజెక్టరు వైపుకే పనికొస్తుందని గుర్తుంచుకుని, పైపులో దూర్చకముందే చూసుకోవాలి.

మన ఎండల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా ప్రొజెక్టర్లు గాలి వేడి 40 డిగ్రీలకు మించని చోటే పనిచేయడానికి తయారైనవి, కొన్ని 35 వరకే. మే నెలలో మహబూబ్‌నగర్‌లోనో నల్లగొండలోనో బయటే 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు రేకుల కిందికి చేరిన గాలి అంతకన్నా చాలా వేడిగా ఉంటుంది. రేకుల షెడ్డులో యంత్రాన్ని ట్రస్సుకు ఆనించి పెట్టకుండా పొడవాటి పైపుతో మూడు నాలుగడుగులు కిందికి దించాలి. పొడవు పెరిగితే ఊగుతుంది కాబట్టి పైపుకు రెండు వైపులా వాలు తీగలు కట్టాలి. వేడి గాలి బయటికి వచ్చే వైపు గోడకు, ఫాల్స్ సీలింగ్‌కు పుస్తకంలో చెప్పినంత ఖాళీ వదలాలి. దుమ్ము ఫిల్టరును వేసవిలో నెలకోసారి శుభ్రం చేయాలి, అదీ పరంజా మీది నుంచే. బూజు కర్రతో కింది నుంచి దులిపితే బొమ్మ పక్కకు జరగడమే కాక కొక్కెం పిన్ను కూడా కదులుతుంది.

మొదటి వారం తర్వాత ఒకసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి నట్ల బిగువు చూడాలి. బిగించిన తేదీ, మొత్తం బరువు, బోల్టుల కొలత, కరెంటు ఆపాల్సిన ఎంసీబీ ఏదో ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి స్విచ్చుబోర్డు పక్కన అంటించాలి. ఆ కాగితంలో చివరి వాక్యంగా, యంత్రాన్ని దించే రోజున ముందు అడుగున దిమ్మెలు పేర్చి, కొక్కెం విప్పి, బరువు దిమ్మెల మీద నిలిచాకే రక్షణ తీగను విప్పాలని తప్పకుండా రాయాలి.